తప్పును బట్టి డ్రిల్: పిల్లలకు బాక్స్ లాక్రోస్ నేర్పే పద్ధతి

(విజయవాడలో వ్యాయామ ఉపాధ్యాయులకు, కోచ్‌లకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వెనక వరసలో వినపడకపోతే చెయ్యెత్తండి.

మీలో ఎక్కువమంది స్కూళ్లలో పీఈటీలు. బాస్కెట్‌బాల్, హ్యాండ్‌బాల్, కబడ్డీ, ఖోఖో ఏళ్ల తరబడి నేర్పిస్తున్నవాళ్లు. లాక్రోస్ స్టిక్ చేతికివ్వగానే మీరు అడిగే మొదటి ప్రశ్న, "డ్రిల్స్ ఎక్కడ దొరుకుతాయి సార్?" అని. ఫోన్ తెరిస్తే వందల వీడియోలు దొరుకుతాయి. కెనడా సంఘానివి, అమెరికా సంఘానివి, క్లబ్బులవి, అన్నీ ఉన్నాయి. వాటిలో మన పిల్లలకి ఈ వారం ఏది కావాలో తేల్చుకోవడమే అసలు పని. ఆ తేల్చుకునే పద్ధతి గురించే ఇవాళ చెబుతాను. వీడియో చూసి డ్రిల్ ఎంచుకోకండి. మీ పిల్లల ఆట పది నిమిషాలు చూసి, అందులో పదే పదే జరుగుతున్న తప్పును పట్టుకుని, దానికి తగ్గ డ్రిల్ వెతకండి.

ముందు ఆట గురించి నాలుగు మాటలు. లాక్రోస్ ఉత్తర అమెరికా మూలవాసుల ఆట, కొసకి వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి, విసిరి గోల్ వేయాలి. స్టిక్‌లో పట్టుకునే కర్ర షాఫ్ట్, కొసనున్న చట్రం హెడ్, అందులో బంతి కూర్చునే వల పాకెట్. కెనడాలో ఐస్ హాకీ రింకులు ఎండాకాలం ఖాళీగా పడి ఉండేవి. 1930ల్లో వాటిలో ఆడడం మొదలుపెట్టారు, అదే బాక్స్ లాక్రోస్. రింకు సుమారు 60 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు ఉంటుంది. చుట్టూ బోర్డులు, అంటే బంతిని బయటికి పోనివ్వని పొట్టి గోడలు. జట్టుకి ఐదుగురు, వాళ్లు కాక ఒక గోలీ, అంటే గోల్‌కీపర్. మైదానంలో ఆడే లాక్రోస్‌కి గోల్ 6 అడుగులు బై 6 అడుగులు అయితే, బాక్స్‌లో ఎత్తు 4 అడుగులే, వెడల్పు 4 నుంచి నాలుగు ముప్పావు. 30 సెకన్లలో షాట్ కొట్టాలి. అంత చిన్న గోల్‌ని నిలువెల్లా ప్యాడ్లు కట్టుకున్న గోలీ దాదాపు కప్పేస్తాడు కాబట్టి దూరం నుంచి బలంగా కొడితే ఉపయోగం తక్కువ. గోలీని పక్కకి కదిలించే పాస్, దగ్గరికి చొచ్చుకొచ్చే పరుగు, ఈ రెండే గోల్స్ తెచ్చిపెడతాయి. పిల్లలకి నేర్పేటప్పుడు ఇది మనసులో ఉంచుకుంటే సగం వీడియోలు మీరే పక్కన పెట్టేస్తారు.

ఇంకొక మాట. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కి క్రికెట్‌తో పాటు లాక్రోస్‌నీ చేర్చారు. అక్కడ ఆడేది సిక్సెస్ పద్ధతి: గోలీతో కలిపి ఆరుగురు, 70 మీటర్లు బై 36 మీటర్ల మైదానం, 8 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, షాట్‌కి 30 సెకన్లు. బాక్స్‌లో పెరిగిన పిల్లవాడికి సిక్సెస్ కొత్తగా అనిపించదు. ఇరుకు చోటులో పాస్, వేగంగా వెనక్కి పరుగు రెండిట్లోనూ ఉన్నవే.

మనకి ఐస్ రింకులు లేవు. 40 మీటర్లు బై 20 మీటర్ల హ్యాండ్‌బాల్ కోర్టు చాలు, ముగ్గురు ముగ్గురు, నలుగురు నలుగురు ఆడించడానికి బాగా సరిపోతుంది. బోర్డుల కోసం కోర్టు చుట్టూ బెంచీలు అడ్డంగా పడేసే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. మోకాలు ఆ అంచుకి తగిలితే ఆ పిల్లవాడికి సీజన్ అయిపోయినట్టే. దానికి బదులు కోచ్ పక్కన పది బంతులున్న సంచి పెట్టుకోండి. బంతి బయటికి పోగానే ఇంకోటి లోపలికి విసరండి. బోర్డు చేసే పని, అంటే ఆట ఆగకుండా చూడడం, ఆ సంచి చేస్తుంది.

గోల్స్ ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించుకోవచ్చు. ఒకటిన్నర అంగుళం జీఐ పైపు, లోపలి కొలత 4 అడుగులు బై 4 అడుగులు. వెనక నేల మీద ఉండే ఫ్రేమ్ కనీసం మూడడుగులు వెనక్కి పోవాలి, లేకపోతే ముందుకి తూలి పిల్లల మీద పడుతుంది. ఇసుక మూట ఒకటి ఆ వెనక పైపు మీద వేయండి. వల దగ్గర చాలామంది పొరపాటు పడతారు. వాలీబాల్ నెట్ కట్టకండి. దాని గడి 10 సెంటీమీటర్లు, లాక్రోస్ బంతి వ్యాసం సుమారు ఆరుంపావు సెంటీమీటర్లు, నేరుగా దూరిపోతుంది. క్రికెట్ ప్రాక్టీసు నెట్ గుడ్డ తెచ్చి నైలాన్ తాడుతో కట్టించండి.

బంతి విషయంలో రాజీ పడకండి. అసలు బంతి గట్టి రబ్బరు, బరువు 142 నుంచి 149 గ్రాములు. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, గ్లోవ్స్, మౌత్‌గార్డ్ లేని పిల్లవాడు ఉన్న కోర్టులోకి ఆ బంతి రాకూడదు. ఆ సామగ్రి వచ్చేదాకా ప్రాక్టీసుకి అమ్మే మెత్తని లాక్రోస్ బంతి వాడండి. టెన్నిస్ బంతితోనూ మొదలుపెట్టవచ్చు గాని, అది తేలిక కాబట్టి పాకెట్‌లో కూర్చోదు, ఎగిరి బయటపడుతుంది. రెండు వారాలకి మించి దాని మీద ఆధారపడితే పిల్లలకి బంతి బరువు చేతికి తెలియడం ఆలస్యమవుతుంది. స్టిక్ పొడవు చిన్నపిల్లలకి 37 అంగుళాలు చాలు, పెద్దవాళ్లకి 40 నుంచి 42. పెద్ద స్టిక్ ఇస్తే పిల్లవాడు కింది చెయ్యి కొసన పట్టుకోడు, మధ్యలో పట్టుకుంటాడు. కొస మోచేతికి తగులుతుంటే బంతి విసరడం ఎప్పటికీ రాదు. షాఫ్ట్‌ని హ్యాక్సా బ్లేడుతో కోసి, కొసకి రబ్బరు క్యాప్ బిగించండి. క్యాప్ లేని షాఫ్ట్ కొస కడుపులో గుచ్చుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఒక డ్రిల్ మంచిదా కాదా అని చూడడానికి నేను మొదట వేసే లెక్క, ఒక్కో పిల్లవాడికి బంతి ఎన్నిసార్లు దక్కుతుంది అని. 20 మంది పిల్లలున్నారు. రెండు వరసలు ఎదురెదురుగా, మధ్యలో ఒక్క బంతి, పాస్ ఇచ్చినవాడు వరస చివరికి పోవాలి. మనందరం చేయించిన డ్రిల్లే. పాస్‌కి 4 సెకన్లు అనుకోండి. పది నిమిషాల్లో 150 పాస్‌లు. తలకి ఏడో ఎనిమిదో. మిగతా సమయమంతా వరసలో నిలబడి పక్కవాడిని గిల్లడమే. అదే 20 మందిని జంటలుగా విడదీసి జంటకో బంతి ఇస్తే, అవే పది నిమిషాల్లో ఒక్కొక్కరు 75 సార్లు విసురుతారు, 75 సార్లు పడతారు. కొత్త డ్రిల్ ఏదీ కనిపెట్టలేదు, వరసని విడగొట్టాం, అంతే. వీడియోలో ఎంత అందంగా ఉన్నా, ముగ్గురికి మించి వరసలో నిలబడే డ్రిల్ చిన్నపిల్లలకి పనికిరాదని నా అభిప్రాయం.

(శ్రోతల్లోంచి ప్రశ్న: స్టిక్‌లు పదే ఉన్నాయి, పిల్లలు ఇరవై మంది. అప్పుడెలా?)

మంచి ప్రశ్న, చాలా స్కూళ్లలో పరిస్థితి ఇదే. పదిమందికి స్టిక్‌లు ఇచ్చి జంటలుగా పాస్‌లు చేయించండి. మిగతా పదిమందికి అదే సమయంలో స్టిక్ లేకుండా డిఫెన్స్ అడుగులు. ఆరు నిమిషాలకి మార్చండి. డిఫెన్స్ నేర్పడానికి మొదటి నెల స్టిక్ లేకపోవడమే మేలు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

పాస్ డ్రిల్‌లో కోచ్ పని లెక్కపెట్టడం కాదు, బంతి ఎటు పోతోందో చూడడం. బంతి ఎదుటివాడి పాదాల దగ్గర నేలలోకి కొడుతోందంటే, బంతి పాకెట్‌ని ఆలస్యంగా వదులుతోంది. పాకెట్ మరీ లోతుగా ఉందో, పైన అడ్డంగా ఉండే షూటింగ్ స్ట్రింగులు మరీ బిగుతుగా ఉన్నాయో చూడండి. స్టిక్ సరిగానే ఉంటే పిల్లవాడు విసిరాక కూడా స్టిక్‌ని నేలవైపు లాగేస్తున్నాడన్నమాట. హెడ్ ఎదుటివాడి ముఖం వైపు చూపిస్తూ ఆగమనండి. బంతి తల మీదుగా పైకి పోతోందంటే త్వరగా వదిలేస్తోంది. స్టిక్ వెనక్కి వాలిపోయి హెడ్ ఆకాశం చూస్తుంటుంది. బంతి బలం లేకుండా మధ్యలోనే పడిపోతోందంటే పిల్లవాడు రెండు చేతులతోనూ ముందుకి తోస్తున్నాడు. పై చెయ్యి తోయాలి, కింది చెయ్యి తన వైపుకి లాక్కోవాలి. ఆ లాగడం తెలియడానికి చిన్న ఉపాయం ఉంది. కింది చేతిని చంకలోకి లాక్కోమని చెప్పండి, రెండు మూడు పాస్‌ల్లో తేడా తెలుస్తుంది.

పట్టుకోవడంలో మన పిల్లల తప్పు వేరు. క్రికెట్ ఆడే పిల్లలు బంతి వైపు స్టిక్ చాపి ఎదురుకొడతారు. బంతి పాకెట్‌కి తగిలి బయటికి గెంతుతుంది. హెడ్ చెవి పక్కన ఉండాలి, బంతి వచ్చేటప్పుడు దాంతో పాటే ఓ జానెడు వెనక్కి పోవాలి. స్కూలు ప్రహరీగోడ దీనికి గొప్ప గురువు. గోడకి మూడు మీటర్ల దూరంలో నిలబడి కుడిచేత్తో 30, ఎడమచేత్తో 30. గోడకి వేగంగా కొడితే వేగంగా వస్తుంది, కాబట్టి పిల్లవాడు తనంతట తానే వేగం సర్దుకుంటాడు.

ఇక ఆట చూద్దాం. మొదటి నెలలో ఏ స్కూల్లో ఆడించినా మూడు తప్పులు కనిపిస్తాయి.

మొదటిది, బంతి కిందపడగానే ఎనిమిది మంది దాని చుట్టూ మూగుతారు. వంగి, ఆగి, స్టిక్‌తో బంతిని నొక్కుతూ లాగుతుంటారు. దీనికి డ్రిల్ ఇద్దరిద్దరితో చేయాలి. కోచ్ బంతిని నేలమీద 5 మీటర్ల దూరం దొర్లిస్తాడు. ఇద్దరూ ఒకేసారి బయల్దేరతారు. ఎత్తేవాడు బంతికి ఒక అడుగు ముందే వెనక చేతిని నేలకి దగ్గరగా దించాలి. షాఫ్ట్ నిలువుగా ఉంటే హెడ్ బంతిని ముందుకి తన్నేస్తుంది. దాదాపు నేలకి సమాంతరంగా ఉంటేనే బంతి లోపలికి ఎక్కుతుంది. బంతిని దాటిపోయి ఐదు అడుగులు పరిగెత్తాకే తిరగాలి. "దాటిపో" అన్న ఒక్క మాటే అరవండి, ఇంకేం చెప్పొద్దు. అది కుదిరాక రెండు జట్లుగా ఇద్దరిద్దరు. ఒకడు "బంతి" అంటాడు, ఇంకొకడు "మనిషి" అంటాడు. బంతి అన్నవాడు ఎత్తుతాడు, మనిషి అన్నవాడు ఎదుటివాడికీ బంతికీ మధ్య తన ఒళ్లు అడ్డుపెడతాడు, తోయకుండా. ఇద్దరూ "బంతి" అంటే కోచ్ విజిల్ వేసి బంతి ఎదుటి జట్టుకిస్తాడు. వారం తిరిగేసరికి ఆ మూగడం చాలావరకు తగ్గుతుంది.

రెండో తప్పు, ఒక్కడే బంతి తీసుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తడం. జట్టులో బలమైన కుర్రాడు ఉంటే అందరూ అతన్ని చూస్తూ నిలబడతారు. కొందరు కోచ్‌లు "మూడు పాస్‌లయ్యాకే షాట్" అనే నియమం పెడతారు. నాకు అది నచ్చదు. పిల్లలు మూడు ఉత్తుత్తి పాస్‌లు వెనక్కి వెనక్కి ఇచ్చుకుని, నాలుగోసారి మళ్లీ అదే కుర్రాడికి ఇస్తారు. దానికి మందు ఇద్దరి మీద ఒకడు.

రెండు కోన్లు గోల్‌కి 8 మీటర్ల దూరంలో పెట్టండి. దాడి చేసేవాళ్లు ఇద్దరూ అక్కడినుంచి గోల్ వైపు బయల్దేరతారు, మధ్యలో డిఫెండర్ ఒక్కడు. ఇద్దరి మధ్య దూరం 4, 5 మీటర్లు ఉండాలి. మూడుకి తగ్గితే ఆ ఒక్క డిఫెండరే ఇద్దర్నీ కాపు కాస్తాడు, మరీ దూరమైతే పాస్ అందేలోపు అతను చేరుకుంటాడు. బంతి ఉన్నవాడు గోల్‌కేసి సూటిగా పోవాలి. డిఫెండర్ తన వైపు అడుగు వేసిన క్షణంలోనే పాస్. ఇక్కడ పిల్లలందరూ చేసే తప్పు ఒకటే: పాస్ ముందే ఇచ్చేస్తారు. డిఫెండర్ మధ్యలోనే ఉన్నాడు కాబట్టి పాస్ తర్వాత కూడా ఒకరి మీద ఒకరే మిగులుతారు, ఇచ్చిన పాస్ వృథా. అందుకని "డిఫెండర్ నీ స్టిక్‌ని తాకేంత దగ్గరికి వచ్చేదాకా ఇవ్వకు" అని నియమం పెట్టండి. ఆలస్యమై బంతి పోగొట్టుకుంటారు, పోగొట్టుకోనివ్వండి. అది కుదిరాక వెనకనుంచి మూడు మీటర్ల తేడాతో ఇంకో డిఫెండర్ని పరిగెత్తించండి. ఇప్పుడు ఆగి ఆలోచించే వీలుండదు. గోల్‌కి ఒక పాయింటు, గోల్ ముందు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి పాస్ అంది అక్కడినుంచి వేసిన గోల్‌కి రెండు. ఈ రెండు పాయింట్ల నియమం, మూడు పాస్‌ల నియమం చేయలేని పని చేస్తుంది.

ఇది మీరు బాస్కెట్‌బాల్‌లో రోజూ చేయించేదే. ముగ్గురు ఇద్దరి మీదకి వెళ్లి, తిరిగి ఇద్దరు ఒకరి మీదకి వచ్చే డ్రిల్ కూడా యథాతథంగా పనికొస్తుంది. గివ్ అండ్ గో, బ్యాక్‌డోర్ కట్, షెల్ డిఫెన్స్, అన్నీ పనికొస్తాయి. బాక్స్ లాక్రోస్ వ్యూహం బాస్కెట్‌బాల్‌కి దగ్గరి చుట్టం. విదేశీ వీడియోల కన్నా ముందు మీ పాత నోట్‌బుక్ తెరవండి.

ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోండి, చేతివాటం. కుడిచేతివాడు అంటే కుడిచెయ్యి పైన పట్టుకునేవాడు, గోల్‌కేసి చూస్తే ఎడమ పక్కన ఆడాలి. అప్పుడతని స్టిక్ కోర్టు మధ్యలోకి వస్తుంది, గోల్ మొత్తం కనపడుతుంది. కుడి పక్కన ఆడితే స్టిక్ గోడ వైపుకి పోయి కోణం ఇరుకవుతుంది. ఎవరిది ఏ చెయ్యో తెలియాలంటే అడగకండి. స్టిక్‌లు నేలమీద పెట్టి తీసుకోమనండి. ఏ చెయ్యి పైకి పోయిందో చూసి రాసుకోండి. అయితే పన్నెండేళ్ల లోపు పిల్లలకి డ్రిల్స్‌లో రెండు పక్కలా, రెండు చేతులా చేయించండి.

మూడో తప్పు డిఫెన్స్‌లో, ఇది మన ప్రాంతపు తప్పు. కబడ్డీ ఆడే పిల్లలు ఎదుటివాడు పక్కనుంచి పోతుంటే నడుము పట్టేస్తారు. వాళ్ల అడుగులు అద్భుతం, వంగిన మోకాళ్లతో పక్కకి కదలడం ఎవరూ నేర్పక్కర్లేదు. కాని లాక్రోస్‌లో పట్టుకుంటే హోల్డింగ్, రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. అందుకే మొదటి నెల స్టిక్ వద్దన్నాను. 5 మీటర్ల వెడల్పున దారిలా రెండు గీతలు గీసి, డిఫెండర్ రెండు పిడికిళ్లలోనూ చెరో టెన్నిస్ బంతి పెట్టండి. చేతుల్లో బంతి ఉంటే పట్టుకోలేడు. 8 సెకన్ల పాటు ఎదుటివాడికి ఛాతీ ఎదురుపెట్టి, అడుగులతోనే అతన్ని బయటి గీత వైపుకి మళ్లించాలి, తాకకుండా. తన భుజం ఎప్పుడూ కోర్టు మధ్య వైపే ఉండాలి. మధ్యదారి ఇచ్చేస్తే తప్పు, పక్కదారి ఇస్తే ఫరవాలేదు. పెద్దల బాక్స్ ఆటలో క్రాస్‌చెక్, అంటే రెండు చేతుల మధ్య షాఫ్ట్‌తో ఎదుటివాణ్ని తోయడం, ఉంటుంది. పిల్లలకి అది నేర్పకండి. అడుగులు రాకముందే స్టిక్‌తో తోయడం వస్తే, అడుగులు ఇక ఎప్పటికీ రావు.

పిక్, అంటే మనం స్క్రీన్ అనేది, పన్నెండు దాటాకే. పిక్ వేసేవాడు పాదాలు భుజాల వెడల్పున నిలిపి కదలకుండా ఉండాలి. బంతి ఉన్నవాడు అతను ఆగేదాకా ఆగి, భుజానికి భుజం రాసుకుంటూ పోవాలి. తొందరపడి ముందే పోతే పిక్ వేసేవాడు అతనితో పాటు కదులుతాడు, బంతి ఎదుటి జట్టుకి పోతుంది. తర్వాత పిక్ వేసినవాడు బంతికి వీపు చూపించకుండా తిరిగి, స్టిక్ పైకెత్తి గోల్ వైపు పోవాలి. వీపు తిప్పితే పాస్ తలకి తగులుతుంది. ఇద్దరిద్దరితో, ఒక పక్కనే, నెమ్మదిగా నడుస్తూ మొదలుపెట్టండి.

ప్రతి ప్రాక్టీసులో చివరి 20 నిమిషాలు ఆట ఉండాల్సిందే. హ్యాండ్‌బాల్ కోర్టు సగంలో అడ్డంగా, ముగ్గురు ముగ్గురు, మూడు జట్లు. ఒక జట్టు గీత బయట సిద్ధంగా ఉంటుంది, 45 సెకన్లకి విజిల్, బంతి ఎక్కడుంటే అక్కడే ఉంచి ఓడుతున్న జట్టు బయటికి, కొత్తది లోపలికి. బాక్స్‌లో ఆటగాళ్లు అంతే తక్కువసేపు ఆడి మారిపోతుంటారు, కాబట్టి ఆ పరుగు కూడా ఇక్కడే అలవాటవుతుంది. ఆ ఆటలో కనపడిన తప్పే రేపటి డ్రిల్.

ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, హెల్మెట్ లోపల ఇంకా వేడి. ఉదయం 8 లోపు, లేదా సాయంత్రం ఐదున్నర తర్వాత. 15 నిమిషాలకోసారి నీళ్లు, ఆ విరామంలో హెల్మెట్ తీసేయాలి. పిల్లవాడు తడబడుతూ మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా ఆట ఆపి నీడకి చేర్చండి. 108కి ఫోన్ చేస్తూనే ఒంటి మీద నీళ్లు పోయండి, మెడకి, చంకలకి ఐస్ పెట్టండి. ఆసుపత్రికి చేరాక చూద్దామని ఆగొద్దు.

చివరిగా గోలీ. పూర్తి ప్యాడ్లు లేని పిల్లవాణ్ని గోల్‌లో నిలబెట్టకండి, మెత్తని బంతైనా సరే. పాత ఫ్లెక్సీ రెండు మడతలు వేసి గోల్‌కి కట్టి, నాలుగు మూలల్లో ఒక్కొక్కటి అడుగు బై అడుగు కోసేయండి. షూటింగ్ డ్రిల్స్‌కి అదే గోలీ. ప్యాడ్లు వచ్చాక నేర్పాల్సింది ముందు కోణం. రెండు గోల్ స్తంభాలకీ చెరో తాడు కట్టి, రెండు కొసలూ షూటర్ పాదాల దగ్గర ఒక్కచోట పట్టుకోమనండి. గోలీ గీత మీద ఉంటే అతనికీ తాళ్లకీ మధ్య రెండు పక్కలా ఖాళీ కనిపిస్తుంది. ఒక్కో అడుగు ముందుకి వస్తే ఆ ఖాళీ తగ్గిపోతుంది. భుజాలు రెండూ తాళ్లకి తగిలే చోట ఆగాలి. ఇంకా ముందుకి వస్తే పక్కకిచ్చే పాస్‌కి దొరికిపోతాడు. షూటర్ని మూడు చోట్లకి జరిపి మూడుసార్లు చూపించండి.

తాళ్లు, రెండు గోల్స్ కోర్టు మీద పెట్టి ఉన్నాయి. నలుగురేసి జట్లుగా విడిపోయి రండి, మొదట ఇద్దరి మీద ఒకడు చేద్దాం. షూ లేనివాళ్లు గీత బయట బంతుల సంచి దగ్గర ఉండండి.